కుర్చీలో కూర్చోవడం

నేను చాలా ఏళ్లు పనిచేసిన స్నూకర్ హాలును మూసేస్తున్నారనీ, టేబుళ్లు విప్పడానికి పనివాళ్లు వస్తున్నారనీ తెలిసి పోయిన నెలలో ఒకసారి అక్కడికి వెళ్లాను. స్నూకర్ టేబుల్‌ను విప్పుతుండగా చూసినవాళ్లు చాలా తక్కువమంది ఉంటారు. ముందుగా పాకెట్ల వలలు తీస్తారు, తరవాత కుషన్లను (టేబుల్ అంచుల రబ్బరు పట్టీలను) పట్టి ఉంచిన బోల్టులు వదులు చేస్తారు, ఆపైన అంచుల వెంబడి కొట్టిన మేకులను పీకుతూ ఆకుపచ్చ గుడ్డను చాపలాగా చుట్టుకుంటూ పోతారు. గుడ్డ లేచిన కొద్దీ ఒక వాసన కూడా లేచింది. ఏళ్ల తరబడి ఊలు దారాల్లో ఇంకిపోయిన చాక్ పొడి, ఇస్త్రీ వేడి, పాత చెక్క, ఈ మూడూ కలిసిన వాసన అది. గుడ్డ కింద ఐదు పలకరాళ్లు ఒకదాని పక్కన ఒకటి బయటపడ్డాయి. వాటిని ఒక్కొక్కటిగా పైకెత్తుతున్న మనుషులకు తోవ ఇస్తూ గోడ పక్కకు జరిగి నిలబడ్డాను కానీ, నా మనసంతా ఆ టేబుల్ మీద ఆట నేర్చుకుని ప్రొఫెషనల్ అయిన కుర్రాడి మీదే ఉంది. అతని పేరు చెప్పడం అతనికి ఇష్టం ఉండదు, కనుక కుర్రాడు అనే రాస్తాను. ఇప్పుడు అతనికి గడ్డం నెరుస్తోందన్నది వేరే సంగతి.

మార్కర్‌గా, అంటే టేబుళ్లు చూసుకుంటూ స్కోరు పెట్టే మనిషిగా, చేరిన కొత్తలో పొద్దున్నే హాలు తాళం తీసే పని నాదే. టేబుళ్ల మీది పెద్ద దీపాలు వెలిగించకముందే, కిటికీల్లోంచి వచ్చే వెలుతురులో ఒక్కొక్క టేబుల్‌కూ బ్రష్ పట్టేవాణ్ణి. బ్రష్ ఎప్పుడూ బాల్క్ వైపు (ఆట మొదలుపెట్టే చివర) నుంచి నల్ల బంతి వైపుకే సాగాలి, ఎందుకంటే గుడ్డ మీది నూగు ఆ దిక్కుకే వాలి ఉంటుంది. ఎదురు దిక్కున బ్రష్ పడితే నూగు రేగుతుంది, రేగిన నూగు మీద నెమ్మదిగా దొర్లే బంతి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. బ్రష్ అయ్యాక బరువైన ఇస్త్రీపెట్టెను వేడిచేసి, గుడ్డ మాడకుండా ముందు ఒక పాత న్యూస్‌పేపర్ మీద ఆనించి చూసుకుని, అదే దిక్కున ఒక వరుస పక్కన ఇంకో వరుసగా లాగేవాణ్ణి. ఆడడానికి వచ్చేవాళ్లకు ఈ పని సంగతే తెలియదు. మధ్య పాకెట్‌లోకి మెల్లగా తోసిన బంతి చివరి క్షణంలో పక్కకు తిరిగినప్పుడు మాత్రం వాళ్లకు మార్కర్ గుర్తుకొచ్చేవాడు.

కుర్రాడు మొదటిసారి వచ్చింది నేను ఇస్త్రీ చేస్తున్నప్పుడే. స్కూలు సంచీ భుజాన ఉంది, టేబుల్ అంచు అతని ఛాతీ దాకా వస్తోంది. పన్నెండడుగుల టేబుల్ ముందు ఆ వయసు పిల్లవాడు నిలబడితే, అవతలి చివరన ఉన్న నల్ల బంతి అతనికి వేరే ఊళ్లో ఉన్నట్టే. ఆడతానని అడగలేదు. చాలా నెలల పాటు బెంచీ మీద కూర్చుని చూశాడు. ఆ రోజుల్లో గోడకు పెద్ద చెక్క స్కోరుబోర్డు ఉండేది, అంకెల మీద ఇత్తడి సూచికలను చేత్తో జరుపుతూ ఉండాలి. ఒకరోజు నేను వేరే టేబుల్ దగ్గర బంతులు పేరుస్తుంటే, "అన్నా, నేను జరపనా?" అని అడిగాడు. జరపమన్నాను. రెడ్‌కు ఒకటి, నల్లదానికి ఏడు, ఎనిమిది. మళ్లీ రెడ్, తొమ్మిది. మళ్లీ నల్లది, పదహారు. ఆ లెక్క అతని నోట్లో ఎక్కం లాగా నిలిచిపోయింది. పదిహేను రెడ్లకూ పదిహేను నల్లవి కలిపి 120, పసుపు నుంచి నలుపు దాకా మిగిలిన ఆరు రంగులకు 27, మొత్తం 147 అని క్యూ కర్ర పట్టకముందే అతనికి తెలుసు. ఆట అంటే వరస అని, ఒక బంతి పడిన చోటు నుంచే తరవాతి బంతి మొదలవుతుందని, కళ్లతో చూసి నేర్చుకున్న పిల్లవాడు అతను. క్యూ పట్టి నేర్చుకున్నవాళ్లకు ఈ సంగతి తలకెక్కడానికి ఏళ్లు పడుతుంది.

తరవాత క్యూ చేతికిచ్చాను. మొదట్లో పాట్లు, అంటే బంతిని పాకెట్‌లో వేసే దెబ్బలు, కొట్టనివ్వలేదు. తెల్ల బంతిని బ్రౌన్ స్పాట్ మీద పెట్టి, బ్లూ, పింక్, బ్లాక్ స్పాట్‌ల మీదుగా నేరుగా పై కుషన్‌కు కొట్టాలి, అది తిరిగి వచ్చి క్యూ కొసనే తాకాలి. చెప్పడానికి ఇంతే. కొట్టి చూస్తే తెల్ల బంతి ఎడమకో కుడికో జానెడు పక్కగా తిరిగి వస్తుంది, అంటే దానికి మనకు తెలియకుండానే పక్క తిప్పుడు పెట్టామన్నమాట. బంతి చుట్టుకొలతలో మన చేతి తప్పు ఎక్కడుందో అది తిరిగి వచ్చిన చోటే చెబుతుంది, ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. గడ్డం క్యూకు ఆనించి అదే దెబ్బను కొట్టీ కొట్టీ అతని గడ్డం కింద నిలువుగా ఒక గీత పడింది. అది చాలా ఏళ్లు అలాగే ఉంది, ఫొటోల్లో కూడా కనిపించేది.

క్యూ కొసన ఉండే తోలు టిప్ మార్చిన వారం మాత్రం అతని ముఖం చూడలేకపోయేవాళ్లం. అప్పుడు టిప్ మార్చడం నా పనే. పాతదాన్ని బ్లేడుతో కోసి, ఇత్తడి కట్టు మీది జిగురు గరుకు కాగితంతో గీకి, కొత్త తోలు టిప్‌ను అతికించి, ఒత్తిడి తగిలేటట్టు కట్టి రాత్రంతా వదిలేసేవాణ్ణి. మర్నాడు అంచులు చెక్కి గుండ్రంగా తీర్చాక కూడా అది రాయిలా ఉండేది. బంతి తగలగానే వచ్చే టక్కుమన్న చప్పుడే వేరుగా ఉండేది. "అన్నా, ఇది నా క్యూ కాదు" అనేవాడు. వందల దెబ్బలు తిన్నాక తోలు నలిగి చాక్ పట్టడం మొదలయ్యేదాకా అతనితో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు. ప్రొఫెషనల్ అయ్యాక కూడా ఈ ఒక్క విషయంలో అతను మారలేదు. టోర్నమెంటు ముందు టిప్ ఊడితే తన ఆట సగం అక్కడే పోయినట్టు బెంగపడేవాడు.

హాల్లో ఒక పాత టీవీ, దాని కింద వీడియో క్యాసెట్ ప్లేయర్ ఉండేవి. మా దగ్గరున్న క్యాసెట్లలో 1985 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ ఒకటి. ఆ ఆట గురించి అందరూ చెప్పేది చివరి నల్ల బంతి గురించే. స్టీవ్ డేవిస్ మొదట 8-0 ఫ్రేములతో (ఫ్రేము అంటే మ్యాచ్‌లో ఒక్కో ఆట) ముందుండటం, డెన్నిస్ టేలర్ ఒక్కసారైనా ఆధిక్యంలోకి రాకుండానే 17-17 దాకా లాక్కురావడం, అర్ధరాత్రి దాటాక చివరి ఫ్రేములో చివరి బంతి మీద గెలవడం, బ్రిటన్‌లో 1 కోటి 85 లక్షల మంది టీవీల ముందు కూర్చుని అది చూడటం అందరికీ తెలిసిన కథ. నేను కుర్రాడికి చూపించింది నల్ల బంతిని కాదు. కెమెరా కుర్చీ వైపు తిరిగిన ప్రతిసారీ టేప్ ఆపేవాణ్ణి. అవతలివాడు ఆడుతున్నంతసేపూ కూర్చున్నవాడి చేతులు ఎక్కడున్నాయి, కళ్లు ఎటున్నాయి, నీళ్ల గ్లాసు ఎప్పుడు అందుకుంటున్నాడు, చూడమన్నాను. స్నూకర్‌లో అవతలివాడి దెబ్బకు బదులు చెప్పే వీలు లేదు, అతను తప్పేదాకా కుర్చీలో ఉండాల్సిందే. టెన్నిస్ ఆటగాడు కనీసం పరుగెత్తవచ్చు. ఆ వయసులో కుర్రాడికి ఇదంతా విసుగ్గా ఉండేదని నాకు తెలుసు. పాట్లు చూపించమని గోల పెట్టేవాడు.

అతని మొదటి సెంచరీ (ఒకే వంతులో వంద పాయింట్లు) రోజు హాలంతా పండగలా ఉంది, దాని గురించి ఎక్కువ రాయను. హైయెస్ట్ బ్రేక్ (ఒకే వంతులో చేసిన అత్యధిక పాయింట్లు) ఎంత అని అడిగి కుర్రాళ్లను తూచే అలవాటు మొదటి నుంచీ నాకు నచ్చదు. తన హాల్లో, తనకు అలవాటైన గుడ్డ మీద, గెలుపోటముల భయం లేని మధ్యాహ్నం వేళ సెంచరీ కొట్టే అమెచ్యూర్లు చాలామంది ఉంటారు. ఆ మరుసటి వారం యాభై పాయింట్ల వెనక ఉండి, మూడు రెడ్లు కుషన్‌కు అతుక్కుని ఉన్న ఫ్రేమును సేఫ్టీలతోనే, అంటే అవతలివాడికి అవకాశం మిగలకుండా కొట్టే దెబ్బలతోనే, అరగంట లాగి నల్ల బంతి మీద గెలిచాడు. నా లెక్కలో అతను ఆటగాడైంది ఆ రోజు. దాన్ని చూసింది నేనూ, ఓడిపోయిన పెద్దమనిషీ మాత్రమే.

పెద్ద అమెచ్యూర్ పోటీలకు వెళ్లడం మొదలయ్యాక అసలు తేడాలు తెలిసివచ్చాయి. మా హాలు టేబుళ్ల పాకెట్లు ఉదారంగా ఉండేవి, దవడను తాకిన బంతి కూడా లోపలికే జారేది. పోటీ టేబుల్ మీద పాకెట్ నోళ్లను కొలత పలకలు పెట్టి చూస్తారు, అక్కడ అదే బంతి రెండు దవడల మధ్య కొట్టుకుని బయటే నిలబడిపోతుంది. అక్కడి గుడ్డ పలచన, వేగం ఎక్కువ. పెద్ద టోర్నమెంట్లలో తేమ పట్టకుండా పలకరాళ్ల అడుగున వేడి కూడా పెడతారు. మేము ఆడుతున్నంత బలంతో కొడితే తెల్ల బంతి కావలసిన చోటు దాటి రెండడుగులు అవతల ఆగేది. తిరిగి వచ్చాక మా చివరి టేబుల్ పాకెట్లు బిగించాం, దానితో మామూలుగా వచ్చేవాళ్లు ఆ టేబుల్ మీద డబ్బు పెట్టి ఆడేది లేదని గొడవ చేశారు. కొన్నాళ్లకు అది కుర్రాడి టేబుల్ అయిపోయింది. మిగతావాళ్లు దాని పక్క నుంచి నడిచినప్పుడు క్యూతో దాని కాలు తట్టి నవ్వేవాళ్లు.

ఆ పోటీల్లోనే ఒక ఫ్రేము అతను బంతి పడకుండానే పోగొట్టుకున్నాడు. రెడ్ ఎదురుగా పూర్తిగా కనిపిస్తోంది. నిండుగా కొడితే మిగతా రెడ్లు చెదిరి అవతలివాడికి దారి దొరుకుతుంది, అందుకని దాన్ని అంచు మీద వెంట్రుకవాసి తాకించి తెల్ల బంతిని బాల్క్‌కు రప్పించాలనుకున్నాడు. తాకలేదు. రిఫరీ ఫౌల్ అండ్ మిస్ అని తెల్ల బంతిని మళ్లీ అదే చోట పెట్టాడు. మళ్లీ అంతే సన్నగా వెళ్లాడు, మళ్లీ తాకలేదు. అప్పుడు రిఫరీ హెచ్చరించాడు. బంతి నిండుగా తగిలే దారి ఉండి కూడా వరుసగా మూడుసార్లు తప్పితే ఫ్రేము అవతలివాడిదే. మా హాల్లో ఈ నియమాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు, ఫౌల్ పాయింట్లు ఇచ్చి ముందుకు పోయేవాళ్లు. మూడోసారి కుర్రాడు చాలాసేపు నిలబడ్డాడు, చాక్ రాసుకున్నాడు, మళ్లీ సన్నదెబ్బకే వంగాడు. తెల్ల బంతి రెడ్‌ను దాటిపోయింది. నేను వెనక వరుసలో కూర్చుని ఉన్నాను, నోరు మెదపడానికి వీల్లేదు. బయటికి వచ్చాక, "నిండుగా కొడితే అతను క్లియర్ చేసేవాడు కదన్నా" అన్నాడు. చేసేవాడేమో. కానీ ఆ ఫ్రేము అప్పటికింకా సగమే అయింది.

ప్రొఫెషనల్ కావడానికి దారి ఎప్పుడూ ఒక్కలాగే లేదు. స్టీఫెన్ హెండ్రీ 1985లో పదహారేళ్లకు ప్రొఫెషనల్ అయ్యాడు, 1990లో ఇరవై ఒకటో ఏట ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1991లో ప్రొఫెషనల్ ఆటను ఎవరైనా చేరేటట్టు తెరిచారు, వందల మంది వచ్చిపడ్డారు. 1992లో బ్లాక్‌పూల్‌లో జరిగిన ఆ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లలోనే రానీ ఓసలివన్ తన మొదటి 76 మ్యాచ్‌లలో 74 గెలిచాడు. ఆ తెరిచిన తలుపు కొన్నేళ్లకే మళ్లీ మూసుకుంది. అమెచ్యూర్ ప్రపంచ చాంపియన్ల దారి ఎప్పుడూ ఉండేది, కానీ గెలిచినవాళ్లందరికీ అది ఒకే చోటుకు తీసుకువెళ్లలేదు. కెన్ డోహర్టీ 1989లో అమెచ్యూర్ ప్రపంచ టైటిల్ గెలిచి 1997లో ప్రొఫెషనల్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. జిమ్మీ వైట్ 1980లో అదే అమెచ్యూర్ టైటిల్ గెలిచి ప్రొఫెషనల్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆరు ఫైనల్స్ ఓడాడు. భారత్ నుంచి 1984లో ఓం అగర్వాల్, 2003లో పంకజ్ అద్వానీ ఆ టైటిల్ గెలిచారు. అద్వానీ 2012లో ప్రొఫెషనల్ టూర్‌లోకి వెళ్లి, 2013 వెల్ష్ ఓపెన్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా ఆడి, 2014లో ఆ జీవితం వద్దనుకుని తిరిగి వచ్చేశాడు. అది తెలిసిన రోజు హాల్లో అందరూ నిరుత్సాహపడ్డారు. నాకు మాత్రం అందులో నిరుత్సాహపడాల్సింది కనిపించలేదు. బిలియర్డ్స్‌లోనూ స్నూకర్‌లోనూ అంత చేతనైన మనిషి తన రోజులు ఎక్కడ గడపాలో తాను తేల్చుకున్నాడు.

మా కుర్రాడికి దొరికిన దారి క్యూ స్కూల్, అంటే ప్రొఫెషనల్ టూర్‌లోకి చేరడానికి పెట్టే అర్హత పోటీలు. 2011లో అది మొదలైనప్పుడు మూడు పోటీలు పెట్టారు, ఒక్కో పోటీలో సెమీఫైనల్ చేరిన నలుగురికి చొప్పున పన్నెండుమందికి టూర్ కార్డు, అంటే ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో ఆడే హక్కు. ఏడు ఫ్రేముల మ్యాచ్‌లు, నాలుగు గెలిస్తే ముందుకు. ప్రైజ్ మనీ లేదు, ఫైనల్ కూడా లేదు, కప్పు లేదు. గెలిచినవాడు ఎవరికి చేయి ఊపాలో తెలియక క్యూ విప్పి పెట్టెలో పెట్టుకుంటాడు. పక్కపక్కనే టేబుళ్ల మీద ఆట సాగుతుంటే, ఒక మ్యాచ్‌లో కార్డు పోగొట్టుకున్నవాడి పక్క నుంచే ఇంకో మ్యాచ్ గెలిచినవాడు నడిచిపోతాడట. మొదటిసారి వెళ్లి ఓడి వచ్చాడు. తరవాత ఒకసారి ఒక్క మ్యాచ్ దూరంలో ఆగిపోయాడు, ఆ సారి ఫోన్ చేయలేదు. కార్డు వచ్చిన రోజున చేశాడు. "అయిందన్నా" అన్నాడు, అంతే. వెనక ఎవరో బంతులు పేరుస్తున్న చప్పుడు వినిపించింది.

కార్డు రావడం వరకే మేమంతా ఊహించుకున్నాం. ఆ తరవాతి సంగతులు మాకు తెలియవు. టూర్‌లో 128 మంది, రెండేళ్ల తరవాత మొదటి 64 మందిలో లేకపోతే కార్డు పోతుంది. 2013 ప్రాంతం నుంచి చాలా టోర్నమెంట్లలో 128 మందినీ మొదటి రౌండులోనే ఆడించడం మొదలైంది, కాబట్టి కొత్తవాడికి మొదటి మ్యాచ్‌లోనే ఎవరైనా తగలవచ్చు. అప్పట్లో మొదటి రౌండులో ఓడితే సాధారణంగా చేతికి ఏమీ వచ్చేది కాదు. ప్రయాణం, గది, తిండి ఖర్చులు మాత్రం ఎవరివి వాళ్లవే. ఒక్కో ఆటగాడికి సీజన్‌కు 20,000 పౌండ్ల కనీస ఆదాయం హామీ ఇవ్వడం 2022-23లో గానీ రాలేదు. కుర్రాడు మొదట వెళ్లినప్పుడు అలాంటిది లేదు. హోటల్ గదిలో వెస్ట్‌కోటు తానే ఇస్త్రీ చేసుకుని, మ్యాచ్ ఓడి, రాత్రికి రాత్రే రైలెక్కిన సందర్భాలు చాలా ఉన్నాయని తరవాతెప్పుడో చెప్పాడు.

ఒకసారి డ్రాలో ఒక మాజీ ప్రపంచ చాంపియన్ తగిలాడు. హాల్లో ఉన్నవాళ్లందరం ఆ మ్యాచ్ స్కోరు కోసం ఎదురుచూశాం. మొదటి ఫ్రేములో కుర్రాడు ఫ్రేము మొదలుపెట్టే బ్రేక్ దెబ్బ బాగానే కొట్టాడు, తెల్ల బంతి బాల్క్ కుషన్‌కు ఆనుకుంది. అవతలి మనిషి అక్కడి నుంచి పొడుగు రెడ్ వేసి, మరి ఆగలేదు. ఆ మ్యాచ్ మొత్తంలో తాను టేబుల్ దగ్గర నిలబడింది కొద్ది నిమిషాలేనని కుర్రాడు చెప్పాడు. ఓటమి గురించి ఇంకేదో అంటాడనుకున్నాను. "ఆయన పాట్లు కాదన్నా చూసింది, తెల్ల బంతిని చూశాను. అది అసలు నడవలేదు" అన్నాడు. మేమైతే తెల్ల బంతిని మూడు కుషన్ల మీదుగా తిప్పి తెచ్చి మురిసిపోయే చోట, ఆయన దాన్ని రెండు జానలు కదిపి వదిలేశాడట. ప్రతి దెబ్బా చూడటానికి సులువుగానే ఉండటం, అది సులువుగా ఉండేటట్టు అంతకుముందు దెబ్బ పడటం, ఇదంతా కుర్చీలోంచే కనిపించిందన్నాడు. క్యాసెట్ ఆపిన ప్రతిసారీ విసుక్కున్న పిల్లవాడు అంత ఓపికగా కూర్చుని చూశాడన్నమాట.

మొదటి కార్డు గడువు తీరింది, 64లోకి రాలేదు. మళ్లీ క్యూ స్కూల్‌కు పోయి మళ్లీ తెచ్చుకున్నాడు. ఇదంతా రెండు మాటల్లో రాసేయవచ్చు కానీ, ఒకసారి ప్రొఫెషనల్ అనిపించుకున్నవాడు తనకంటే పదేళ్లు చిన్నవాళ్ల మధ్య వరుసలో నిలబడటం తేలిక కాదు. 2025లో జావో షింటాంగ్ టూర్ కార్డు లేకుండా అమెచ్యూర్‌గా వచ్చి, క్వాలిఫయింగ్ నుంచి ఆడుతూ, ఫైనల్‌లో మార్క్ విలియమ్స్‌ను 18-12తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయినప్పుడు, నన్ను ఎరిగినవాళ్లు కొందరు ఇంక ఈ కార్డులూ స్కూళ్లూ ఎందుకని అడిగారు. ఆ జావో 2021లోనే యూకే చాంపియన్‌షిప్ గెలిచిన ప్రొఫెషనల్ అనీ, నిషేధం ముగిశాక తిరిగి వస్తూ ఆ దారిన వచ్చాడనీ చెప్పాల్సి వచ్చింది. అమెచ్యూర్ అనే మాట అతని విషయంలో కాగితం మీద మాటే.

కుర్రాడు ఇప్పుడు నాకు సెంచరీల వీడియోలు పంపడు. పంపేవన్నీ సేఫ్టీ ఆటలే, చాలామట్టుకు ప్రశ్నలే. పోయిన వారం ఒకటి పంపాడు. రెడ్ ఒకటి పైమూల పాకెట్‌కు ఎదురుగా ఉంది, దూరం మధ్యస్థం, తెల్ల బంతి బ్లూ పక్కన ఉంది. దాన్ని వేయకుండా, మెల్లగా తాకించి, తెల్ల బంతిని బ్రౌన్ వెనక దాచాడు. రెడ్ వేయాల్సిందని నేనన్నాను. వేస్తే తెల్ల బంతి నల్లదానికి మరీ దగ్గరగా చేరి, కోణం లేకుండా పోయేదని అతను అంటాడు. కాస్త కింది తిప్పుడుతో కొడితే చాలదా అని అడిగాను. ఆ వేగం గుడ్డ మీద కింది తిప్పుడు అంత దూరం పట్టదన్నాడు. బంతులున్న చోట్లు కాగితం మీద గీసుకుని రెండు రోజులుగా చూస్తున్నాను, నేనింకా ఒప్పుకోలేదు.